ముందు లేపిన బండి వెనక ఎందుకు కూర్చుంటుంది?

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట దగ్గర ఊరు. టెంట్ హౌస్ నడుపుతాను. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో ఐదు సీట్ల ఫోర్ బై ఫోర్ పికప్ తీసుకున్నాను. అప్పుడు వెనక ఎత్తుగా, ముందు వంగినట్టు ఉండేది. చూడ్డానికి బాగాలేదని ముందు స్పేసర్లు (స్ప్రింగుల పైన పెట్టే దిమ్మెలు) వేయించి రెండు ఇంచులు లేపించాను. ఖాళీగా ఉంటే ఇప్పుడు సమంగా, మస్తుగా ఉంటుంది. కానీ జనరేటర్ ట్రాలీ తగిలించి, వెనక షామియానా సామాను, ఇద్దరు పిల్లగాళ్లను ఎక్కించుకుంటే వెనక మూడు ఇంచులు కూర్చుంటోంది, ముందు అర ఇంచు లేస్తోంది. స్టీరింగ్ తేలిపోతున్నట్టుంది. రాత్రి ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొడుతున్నాడు. స్పీడ్ బ్రేకర్ దాటితే వెనక ‘ఠక్’మంటోంది. ఒక మెకానిక్ వెనక స్ప్రింగు కట్టల్లో రెండు కమాన్ పట్టీలు ఎక్కువ వేద్దామంటాడు. ఇంకొకాయన యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య గాలి బెలూన్లు వేయించుకొమ్మంటాడు. మా బామ్మర్ది వెనక కూడా దిమ్మెలు పెట్టి లేపమంటాడు. పెళ్లిళ్ల సీజన్ దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది. ఏది చేయాలి?

జవాబు: తమ్ముడూ, ముగ్గురి మాటా కాసేపు పక్కన పెట్టు. ముందు బండిని కాంటా ఎక్కించు. పట్టీ వేయాలా, బెలూన్ వేయాలా అన్నది ఆ చీటీ చూశాక తేలుతుంది. బరువు ఎంతో, ఎక్కడ పడుతోందో తెలియకుండా స్ప్రింగులకు డబ్బులు పెడితే, జ్వరం చూడకుండా మందు మింగినట్టే అవుతుంది.

కొన్నప్పుడు వెనక ఎత్తుగా ఉందని నీకు నచ్చలేదు కదా, అది కంపెనీవాళ్లు కావాలని పెట్టిందే. పికప్ అన్నాక వెనక బరువు పడుతుంది, పడ్డాక బండి సమంగా నిలబడాలి. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఇంచు, రెండు ఇంచులు ఎత్తు వదులుతారు. నువ్వు ముందు లేపి ఆ తేడాను అందం కోసం ఖర్చు పెట్టేశావు. స్పేసర్ల వల్ల వెనక దిగడం పెరగలేదని మాత్రం గుర్తుపెట్టుకో. లేపించక ముందు కూడా ఇదే సామానుకు ఇదే మూడు ఇంచులు దిగేది. కాకపోతే అప్పుడు రెండు ఇంచుల ఎత్తు మీంచి దిగేది కాబట్టి కంటికి ఆనేది కాదు. అప్పుడు ముందుకూ వెనక్కూ తేడా ఒకటిన్నర ఇంచు ఉండేది, ఇప్పుడు మూడున్నర అయింది.

డిప్పర్ల సంగతీ ఇక్కడే ఉంది. ఇలాంటి బండికి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య సుమారు 3.1 మీటర్లు ఉంటుంది. ఆ పొడవుకు మూడున్నర ఇంచుల వాలు అంటే, 25 మీటర్ల దూరంలో లైటు వెలుగు 70 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. స్పేసర్లు వేయించాక లైట్లు మళ్లీ సెట్ చేయించి ఉంటేనే ఈ లెక్క. చేయించకపోతే మీటరు దాటుతుంది. అంటే నీ డిమ్ లైటు ఎదుటివాడి కళ్లలోనే పడుతోంది. పాపం, వాళ్లు ఊరికే కొట్టడం లేదు.

ఇక స్టీరింగ్ తేలడం. నాకు భయమేసింది దీనికే, వెనక కూర్చోవడానికి కాదు. ట్రాలీ కొక్కెం వెనక చక్రాల మీద ఉండదు, వాటికి నాలుగడుగుల వెనక ఉంటుంది. పిల్లలు ఆడే తూగుడు బల్ల గుర్తుచేసుకో. ఒక కొస కిందికి నొక్కితే రెండో కొస లేస్తుంది. నీ ట్రాలీ కొక్కెం మీద 150 కేజీలు మోపిందనుకుందాం. వెనక చక్రాల మీద పడేది 150 కాదు, దాదాపు 208. పైన వచ్చిన ఆ 58 ముందు చక్రాల నుంచి లాక్కున్నది. ముందు చక్రం రోడ్డును గట్టిగా పట్టుకోకపోతే స్టీరింగూ తేలుతుంది, వాన పడ్డ రోడ్డు మీద బ్రేకూ సరిగ్గా పట్టదు. వెనక ఎంత ఎత్తు లేపినా ఈ 58 కేజీలు దాదాపు ముందుకు తిరిగి రావు. పట్టీలు వేసినా, బెలూన్లు వేసినా బండి సమంగా కనిపిస్తుంది, ముందు మాత్రం అంతే తేలికగా ఉంటుంది. ఈ ముక్క నీ మెకానిక్‌లు ఇద్దరూ చెప్పలేదు చూడు.

కాంటా దగ్గరికి వద్దాం. నర్సంపేటలో, వరంగల్‌లో రైస్ మిల్లులకు, మార్కెట్ యార్డులకు వే బ్రిడ్జీలు ఉన్నాయి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు దిగే రోజుల్లో పోకు, లైన్లోనే తెల్లారుతుంది. మధ్యాహ్నం ఖాళీగా ఉండే మిల్లు కాంటా చూసుకో. పెళ్లికి పోయేటప్పుడు ఎలా పోతావో అలాగే పో. అదే సామాను, అదే మనుషులు, ట్యాంకు నిండా డీజిల్. ముందు ట్రాలీ విప్పి పక్కన పెట్టి, బండి ముందు చక్రాలు మాత్రం కాంటా మీద పెట్టి ఒక చీటీ, వెనక చక్రాలు మాత్రం పెట్టి ఒక చీటీ తీసుకో. తర్వాత ట్రాలీ తగిలించి మళ్లీ అలాగే రెండు. ట్రాలీ చక్రాలు ఎప్పుడూ కాంటా బయటే ఉండాలి. రెండోసారి మొత్తంలోంచి మొదటిసారి మొత్తం తీసేస్తే కొక్కెం మీద పడే బరువు వస్తుంది. ముందు చక్రాల చీటీలు రెండూ పోల్చితే ముందు నుంచి ఎంత లేచిపోయిందో తెలుస్తుంది. చివరికి బండి విప్పి ట్రాలీని ఒక్కదాన్నే తూకం వేయించు, దాని బరువు తెలియకుండా మిగతా లెక్క సాగదు.

ఒక చిక్కుంది. పెద్ద కాంటాలు 5 లేదా 10 కేజీల మెట్లలోనే చూపిస్తాయి. కొక్కెం బరువు లాంటి చిన్న లెక్కకు అది ముతక. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ ఉంటే ఇంకా బాగా తేలుతుంది. దాని మీద 150 కేజీలు నేరుగా పెడితే పగిలిపోవచ్చు కాబట్టి నేను చేసే పద్ధతి చెప్తాను. నాలుగడుగుల గట్టి పలక తీసుకో. ఒక కొస కింద ఇటుకలు, రెండో కొస కింద మిషన్, రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఇటుకల దగ్గర పలక కింద ఒక పైపు ముక్క, మిషన్ మీద ఒక పైపు ముక్క అడ్డంగా పెట్టు. ఆ రెండు పైపుల మధ్య సరిగ్గా మూడడుగులు ఉండాలి. ఇటుకల వైపు పైపు నుంచి ఒక అడుగు కొలిచి పలక మీద గీత గీయి. ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, డ్రాబార్ (ట్రాలీని కొక్కేనికి కలిపే ముందు కడ్డీ) కొసను జాకీతో లేపి, కింద ఒక గొట్టం నిలబెట్టి మెల్లగా ఆ గీత మీదికి దించు. మిషన్ మీద పడేది మూడో వంతే. పలక ఒక్కదానికి వచ్చిన అంకె తీసేసి, మిగిలింది మూడుతో గుణించు. మిషన్ 45 చూపిస్తే కొక్కెం మీద 135 ఉన్నట్టు. డ్రాబార్ ఎత్తు మాత్రం బండికి తగిలించినప్పుడు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. ముక్కు పైకెత్తి తూస్తే అంకె మారిపోతుంది. మొదటిసారి మా వాకిట్లో ఇది చేస్తుంటే మా ఆవిడ, ట్రాలీకి కూడా డైటింగ్ మొదలుపెట్టారా అంది.

ఎంత ఉండాలి అంటే, ఇలాంటి ట్రాలీలకు మొత్తం బరువులో పదో వంతు దగ్గర కొక్కెం మీద ఉంటే నిలకడగా వస్తుంది. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు, యూరప్‌లో దానికంటే తక్కువతో నడిపిస్తారు. నీ ట్రాలీ 1200 కేజీలు వస్తే 120 దగ్గర ఆపు. కానీ ట్రాలీ చూసుకుని ఇది చెప్పినంత మాత్రాన సరిపోదు, నీ బండి కొక్కెం ఎంత మోయగలదో, బండి ఎంత లాగగలదో దాని మాన్యువల్‌లో, కొక్కెం మీది ప్లేటులో రాసి ఉంటుంది. ఏది తక్కువైతే అదే నీ హద్దు.

నా అనుమానం ఏమిటంటే నీ అంకె పెద్దదే వస్తుంది. ఎందుకంటే జనరేటర్ ట్రాలీల్లో అందరూ చేసే పని ఒకటుంది. కేబుల్ చుట్టల పెట్టె, డీజిల్ క్యాన్లు, సీరియల్ లైట్ల మూటలు తీసుకెళ్లి డ్రాబార్ మీద, జనరేటర్ ముందు కడతారు, చేతికి అందుతాయని. కేబుల్ పెట్టె 80 కేజీలు ఉండి, ఇరుసుకు రెండు మీటర్ల ముందు ఉందనుకో. ఇరుసు నుంచి కొక్కేనికి రెండున్నర మీటర్లు. ఆ ఒక్క పెట్టే కొక్కెం మీద 64 కేజీలు వేస్తుంది, అది నీ వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి 89 అవుతుంది. అదే పెట్టెను సరిగ్గా ఇరుసు మీదికి జరిపితే ఆ 89 పోతుంది, ముందు చక్రాలకు 25 కేజీలు తిరిగొస్తాయి. రూపాయి ఖర్చు లేదు. రెండు బోల్టులు విప్పి బిగించడమే.

అలాగని మొత్తం వెనక్కి తోసేయకు. ఆ తప్పు నేను చేశాను. చాలా ఏళ్ల కింద మేడారం జాతరకు సామాను తోలుతున్న రోజుల్లో, నా బండీ నీ బండిలాగే కూర్చుంటోందని నీళ్ల డ్రమ్ములు రెండూ ట్రాలీ చివరికి కట్టాను. బండి సమంగా నిలబడింది. భలే ఉపాయం అనుకున్నాను. ములుగు దాటి పస్రా వైపు పోతుంటే, దిగుడులో ఒక బస్సు పక్కనుంచి పోయింది. ఆ గాలికి ట్రాలీ ఒకసారి ఊగింది. రెండోసారి ఇంకా ఎక్కువ. మూడోసారికి అద్దంలో ట్రాలీ పక్క మొత్తం కనిపించింది, బండి తోకను అదే అటూ ఇటూ విసురుతోంది. కాలు బ్రేకు మీదికి పోయింది కానీ, పక్క సీట్లో ఉన్న పాత డ్రైవర్ ‘బ్రేక్ కొట్టకు, యాక్సిలరేటర్ వదిలెయ్, స్టీరింగ్ తిప్పకు’ అని అరిచాడు. వదిలేశాను. స్పీడు తగ్గాక దానంతట అదే సర్దుకుంది. పస్రాలో ఆగి చాయ్ కూడా తాగకుండా డ్రమ్ములు ముందుకు జరిపాం. కొక్కెం మీద బరువు మరీ తక్కువైతే ట్రాలీ తోక ఆడిస్తుంది. బరువైన వస్తువు ఇరుసు మీద, మిగతాది కాస్త ముందుకు మొగ్గేలా కట్టు.

బండిలో సామాను కూడా ఇదే లెక్కన చూసుకో. షామియానా పైపులు డాలా తలుపు దించి బయటికి పొడుచుకు వచ్చేలా వేస్తారు చాలామంది. వెనక యాక్సిల్ దాటిన ప్రతి కేజీ ముందు చక్రాలను లేపుతుంది. కార్పెట్ల చుట్టలు, యాంప్లిఫయర్లు, ఇనుప సామాను క్యాబిన్ గోడకు ఆనించు. తేలికవి, అంటే క్లాత్, పూల దండల ఫ్రేములు, వెనకకు. ఆర్సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ ఉంటాయి, తేడా చూసుకో. ఐదు సీట్ల పికప్‌కు గూడ్స్ పికప్ అంత మోసే హద్దు ఉండదు. మనుషుల బరువు, కొక్కెం మీద బరువు కూడా ఆ హద్దులోంచే పోతాయి.

ఇంత చేశాక స్పేసర్ల మాట. తీయించేయమనే నా సలహా. మనసొప్పకపోతే సగానికి తగ్గించు. ఇసుజు వీ-క్రాస్ అయినా, టయోటా హైలక్స్ అయినా ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. ఇలాంటి ముందు భాగంలో స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన చిన్న దిమ్మె పెడితే చక్రం దగ్గర అది దాదాపు రెట్టింపవుతుంది. చక్రం కిందికి వేలాడే కోణం మారుతుంది. వెనక ట్రాలీ నొక్కి ముందు ఇంకా లేచినప్పుడు బాల్ జాయింట్లు, ఫోర్ బై ఫోర్ షాఫ్టుల జాయింట్లు కొస దాకా పోయి పని చేస్తాయి. తీసినా, తగ్గించినా ఆ రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించు. వేయించినప్పుడు చేయించావో లేదో ఉత్తరంలో రాయలేదు. టైర్ల లోపలి, బయటి అంచులు తడిమి చూడు, ఒక అంచే ఎక్కువ అరిగి ఉంటే చేయించలేదని అనుమానించాలి.

‘ఠక్’ శబ్దం ఎక్కడిదో కనుక్కోవడం సులువు. వెనక యాక్సిల్ పైన చాసిస్‌కు బిగించిన బంప్ స్టాపర్ రబ్బర్లు ఉంటాయి. వాటి కొసకు తడిపిన సున్నం పూయి. నిండు లోడుతో నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటి దిగి చూడు. యాక్సిల్ మీద తెల్ల మచ్చ పడితే స్ప్రింగు చివరిదాకా పోయి రబ్బరుకు కొడుతున్నట్టు. అప్పుడే కమాన్ కట్టలు కూడా చూడు. లోడులో పట్టీలు తిన్నగా, చదునుగా ఉంటే పర్వాలేదు, వంపు తిరగబడి కిందికి పొట్ట వస్తే అలసిపోయాయి. పట్టీ విరిగి ఉంటుంది ఒక్కోసారి, బురద కడిగితే గానీ కనపడదు. టేపుతో చక్రం నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు పక్కలా కొలువు. నేల నుంచి కొలిస్తే టైర్ నొక్కుకోవడం కూడా కలిసిపోతుంది. ఒక పక్క ఎక్కువ దిగితే ఆ పక్క కట్టలోనే లోపం. ఇక షాక్ అబ్జార్బర్లు మారిస్తే బండి లేస్తుందని ఎవరైనా అంటే నమ్మకు. వాటి పని ఊగుడు ఆపడం, బరువు మోయడం కాదు.

ఇవన్నీ సరిచూసుకున్నాక, హద్దు లోపలి బరువుకే ఇంకా ఎక్కువ దిగుతుంటే అప్పుడు స్ప్రింగుల సంగతి. పాత పట్టీలు అలసిపోతే వాటిని మార్పించు. కొలిమిలో కాల్చి వంపు తీస్తానంటే వద్దను. ఉక్కుకు ఉన్న పదును పోతుంది, రెండు నెలల్లో మళ్లీ చప్పబడుతుంది, లేదా విరుగుతుంది. పట్టీలు బాగుండి కొంచెం బలం చాలడం లేదంటే, కట్టకు ఒక పట్టీ చాలు. రెండు వేస్తే ఖాళీ బండిలో వెనక సీట్లో కూర్చున్నవాళ్లు ఎగిరెగిరి పడతారు. నువ్వు ఇదే బండిలో ఇంటివాళ్లను కొమురెల్లి తీసుకుపోతావు కదా, వాళ్ల తిట్లు నేను పడలేను. పని అయ్యాక, కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. చాలామంది ఇది మరిచిపోతారు, పట్టీలన్నిటినీ నడిమిలో కలిపే సెంటర్ బోల్టు తెగేది అందుకే.

గాలి బెలూన్లు నాకు నచ్చని వస్తువు కాదు. వారంలో రెండు రోజులే ట్రాలీ లాగేవాడికి అవే సుఖం. ట్రాలీ ఉన్నప్పుడు గాలి కొడతావు, లేనప్పుడు తగ్గిస్తావు. పూర్తిగా మాత్రం తీయకూడదు, చెప్పిన కనీస గాలి ఉండకపోతే రబ్బరు మడతపడి చిరుగుతుంది. వాటితో రెండు ప్రమాదాలు. బండి సమంగా కనిపిస్తుంది కాబట్టి ఇంకో రెండు క్వింటాళ్లు వేయొచ్చనిపిస్తుంది. బెలూన్ వేసినంత మాత్రాన ఆర్సీలో రాసిన బరువు పెరగదు. రెండోది, కమాన్ కట్ట బరువును చాసిస్‌కు రెండు కొసల దగ్గర పంచుతుంది, బెలూన్ మధ్యలో ఒక్కచోటే నొక్కుతుంది. యాక్సిల్ వెనక పెద్ద బరువు వేలాడుతూ, బెలూన్లు గట్టిగా కొట్టి గుంతల రోడ్ల మీద తిరిగిన పికప్‌లకు ఆ చోటే చాసిస్ వంగిన సందర్భాలు ఆస్ట్రేలియాలో చాలా ఉన్నాయి. మన రోడ్లు ఏమంత మెత్తనివి కావు.

బామ్మర్ది చెప్పిన దిమ్మెలు మాత్రం అసలు వద్దు. దిమ్మె ఎత్తు ఇస్తుంది, బలం ఇవ్వదు. పైగా గేర్ వేసి లాగినప్పుడల్లా యాక్సిల్ మెలి తిరుగుతుంది. ముందు దిమ్మెలు, వెనక దిమ్మెలు, పైన డీజే సెట్టు. ఇంకేం, బారాతే.

ముందు చక్రాలకు బరువు నిజంగా తిరిగిచ్చే సామాను ఒకటుంది. కొక్కెం దగ్గర నుంచి రెండు స్ప్రింగు కడ్డీలు డ్రాబార్‌కు బిగిసి, బరువును ముందుకూ ట్రాలీ ఇరుసుకూ పంచుతాయి. అమెరికాలో మామూలే. మన పిన్ను, రింగు ట్రాలీలకు అది కుదరదు కాబట్టి దాని వెంట పడకు.

బ్రేకుల సంగతి నువ్వు అడగలేదు, నేను అడుగుతున్నాను. నీ ట్రాలీకి సొంత బ్రేకులు ఉన్నాయా? యూరప్‌లో, ఆస్ట్రేలియాలో 750 కేజీలు దాటిన ట్రాలీకి బ్రేకులు తప్పనిసరి. నీది టన్ను పైనే ఉంటుంది, ఆ బరువంతా నీ బండి బ్రేకులే ఆపాలి, అందులో ముందు చక్రాలు తేలికైన బండి. బ్రేకులున్న ఇరుసు వేయించడం కుదిరితే పట్టీల డబ్బులు దానికే పెట్టు. సేఫ్టీ చైన్లు రెండూ కొక్కెం కింద ఇంటూ గుర్తులా ఒకదాని మీంచి ఒకటి దాటించి కట్టు.

చట్టం మాట రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు రూపం నుంచి మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఎత్తు మార్చిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వచ్చే వీలుంది. ఆ చట్టం లెక్కలో ట్రాలీ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. హద్దు దాటి బరువు వేస్తే 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000.

ఈ వారం పెళ్లి ఉందంటే, అన్నీ అయ్యేదాకా ఆగలేవు కాబట్టి, కేబుల్ పెట్టె జరుపు, పైపులు వేరే ఆటోలో పంపు, వెనక టైర్లలో తలుపు దగ్గర స్టిక్కర్ మీద లోడుకు రాసినంత గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. స్టీరింగ్ పక్కన లైట్లు దించే చక్రం ఉంటే లోడుకు తగ్గట్టు తిప్పు. రాత్రి మిల్లు గోడ ముందు లోడుతో నిలబెట్టి వెలుగు గీత ఎంత ఎత్తులో పడుతోందో చూసుకో. బండి స్పీడు యాభై దాటనీయకు. కాంటా చీటీలు వచ్చాక నాకు రాయి. ఏ చీటీ ట్రాలీతో, ఏది ట్రాలీ లేకుండా అన్నది వెనక పెన్నుతో రాసిపెట్టు, తర్వాత అన్నీ ఒకేలా కనపడతాయి.